దీపాలవేళ రాని ఊరు

మే 9

భీమిలిలో ఇంటికి తాళం వేసేటప్పటికి ఉదయం తొమ్మిది కూడా కాలేదు, అప్పుడే గడప కాలుతోంది. వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు కడలిలోకి పోకూడదు కాబట్టి గోస్తనీ నది కలిసే చోట అవన్నీ వరసగా ఒడ్డున పడి ఉన్నాయి. ఆ ఎండలోంచి రెండు రోజుల ప్రయాణం చేసి, మూడు విమానాలు మారి, ట్రోమ్సోలో దిగాము.

దిగే ముందు కిటికీలోంచి చూస్తే కొండలన్నీ నడుము దాకా తెల్లగా ఉన్నాయి. మా అమ్మాయి ఇక్కడి విశ్వవిద్యాలయంలో సముద్రపు నాచు మీద పరిశోధన చేస్తోంది. "మేలో రండి నాన్నా, వసంతం చూడవచ్చు" అని ఏడాదిగా పిలుస్తోంది. విమానాశ్రయం బయట అడుగు పెట్టగానే దారి పక్కన నా భుజం ఎత్తు మంచుగుట్ట కనిపించింది. తెల్లగా కూడా లేదు. పొగ, దుమ్ము, కంకర అన్నీ కలిసి, చల్లారిన బూడిదకుప్పలా ఉంది.

"వసంతం అన్నావు కదమ్మా?"

"ఇదే నాన్నా. మఫ్లర్ తీయకండి."

ఈ ఊరు నార్వే ఉత్తర కొసన, దాదాపు డెబ్బైయో అక్షాంశం మీద, ఆర్కిటిక్ వలయానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా అవతల ఉన్న దీవి. అయినా ఇక్కడి సముద్రం గడ్డకట్టదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం ఒడ్డును కాచుకుని ఉంటుంది. అందుకే డెబ్బై వేలకు పైగా జనం ఇక్కడ బతుకుతున్నారు, చేపలు పడుతున్నారు, మంచుగుట్టల పక్కన ఐస్‌క్రీం తింటున్నారు. చివరిది నేను కళ్లారా చూశాను.

సాయంత్రం ఆరున్నరకు మా ఆవిడ పెట్టెలోంచి ఇత్తడి కుంది తీసి తుడిచి, వత్తి వేసి, నువ్వులనూనె పోసి కిటికీ దగ్గర నిలబడింది. బయట మిట్టమధ్యాహ్నపు వెలుగు. "దీపాలవేళ కాలేదు, కాసేపు ఆగుతాను" అంది. ఎనిమిదికి ఒకసారి చూసింది, తొమ్మిదిన్నరకు ఒకసారి చూసింది. పదకొండు ప్రాంతంలో సూర్యుడు కొండ వెనక్కి జారాడు కానీ చీకటి మాత్రం పడలేదు. ఆకాశం కడిగిన గాజుసీసా రంగులో అలాగే ఉండిపోయింది. అప్పటికి ఆవిడ కుర్చీలోనే నిద్రపోయింది. మొదటి రోజు దీపం పెట్టనే లేదు.

మే 10

రెండున్నరకు తెల్లవారింది. ఆ సమయానికి నేను మేలుకునే ఉన్నాను. కిటికీకి నల్లటి తెర ఉంది కానీ, దాని అంచుల వెంట వెలుగు కత్తిలా దిగుతోంది. ఊళ్లో చాలామందిది ఇదే అవస్థట. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడే రాడు, ఇప్పుడు పొమ్మన్నా పోడు.

పొద్దున వీధిలో పెద్ద చప్పుడు. చీపురు చక్రాలున్న యంత్రం ఒకటి రోడ్డు ఊడుస్తోంది. చలికాలమంతా జనం జారిపడకుండా దారుల మీద కంకర చల్లుతారట. మంచు కరిగేసరికి ఆ కంకరంతా బయటపడుతుంది. మేకుల టైర్లు ఇక్కడ ఏప్రిల్ 30 దాకా చెల్లుతాయి. ఆ మేకులు రోడ్డును చెక్కి లేపిన దుమ్ము కూడా కలిసి, ఎండ కాసిన రోజున వీధంతా గరగరలాడుతుంది. మన దగ్గర వసంతం వచ్చిందని కోయిల చెబుతుంది. ఇక్కడ మున్సిపాలిటీ చీపురు చెబుతోంది.

మధ్యాహ్నం ఒక మంచుగుట్ట మొదట్లో వంగి చూశాను. కరుగుతున్న అంచుకూ నేలకూ మధ్య జానెడు తడిమట్టి. అందులో ఒక్క ఆకైనా లేకుండా, పొలుసులు కప్పుకున్న ఎర్రటి పొట్టి కాడ మీద, పావలా బిళ్లంత పసుపు పువ్వు. పక్కనే ఇంకో మూడు. మంచులోంచి కారిన నీటిచుక్క ఒకటి రేకు మీద పడి, పువ్వు తలూపింది. దీన్ని వీళ్లు 'హెస్తెహోవ్' అంటారు, గుర్రపు డెక్క అని అర్థం. తరవాత వచ్చే ఆకు డెక్క ఆకారంలో ఉంటుందట. ముందు పువ్వు, ఆనక ఆకు. ఏడాదిలో మొదటి హెస్తెహోవ్ చూసిన పిల్లలు దాన్ని కోసుకుని అమ్మకు ఇస్తారని మా అమ్మాయి చెప్పింది. నేనూ ఒకటి కోసి మా ఆవిడ చేతిలో పెట్టాను. "తంగేడు పువ్వనుకున్నాను" అని దాన్ని నీళ్ల గ్లాసులో వేసి ఉంచింది.

మే 11

అమ్మాయి ఉండే భవనంలో ఇవాళ 'డుగ్నాడ్'. మన మాటల్లో శ్రమదానం అనవచ్చు కానీ, శ్రమదానంలో మనకు బ్యానరూ, ఫొటోగ్రాఫరూ ఉంటారు. ఇక్కడ తలుపుకు అంటించిన ఒక కాగితం చాలు. సాయంత్రం అయిదుకు ఇంటికొకరు చొప్పున రబ్బరు బూట్లు వేసుకుని దిగారు. డాక్టరమ్మ ఒకావిడ, బస్సు నడిపే ఆయన, ఎనభై దాటిన ముసలాయన. కంకర ఊడ్చి బస్తాల్లో నింపడం, పోయిన శరదృతువు నుంచి మంచు కింద కుళ్లిన ఆకులు లాగేయడం, బల్లలకు రంగు వేయడం. ఆరు నెలలుగా మంచు దాచిపెట్టిన సామాను ఒక్కొక్కటే బయటికొచ్చింది: పిల్లల చేతితొడుగు ఒకటి, సైకిల్ పంపు, ఒక చెంచా.

నన్ను కూర్చోమన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు తపాలా శాఖలో సంచులు మోసినవాణ్ని, కూర్చుంటానా? చీపురు అందుకున్నాను. ఇక్కడి చీపురు పొడవు కర్రకు అడ్డంగా బిగించిన బ్రష్షు, ముందుకు తోయాలి. నా చేతులకు కుడివైపు నుంచి ఎడమకు ఊడ్చే అలవాటు. ముసలాయన కాసేపు చూసి, ఏమీ అనకుండా నా పక్కన నిలబడి తోసి చూపించారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు నార్వే భాష రాదు. ఇద్దరం కలిసి పదకొండు బస్తాలు నింపాము.

పని అయ్యాక నిలబడే కాఫీ, హృదయం ఆకారపు వాఫిల్ రొట్టె, దాని మీద బెల్లం రంగు జున్ను. చూడటానికే కాదు, తింటుంటేనూ మన పాలకోవా మాడిన అడుగులా ఉంది. రెండు తిన్నాను.

మే 12

దీవి నడినెత్తిన 'ప్రెస్ట్‌వాన్నె' అనే చెరువు ఉంది. చుట్టూ బర్చ్ చెట్లు. కొమ్మలన్నీ ఇంకా మోడులే, నెలాఖరుకు గానీ ఆకు రాదట. విల్లో పొదలకు మాత్రం బూడిదరంగు నూగుమొగ్గలు వచ్చాయి. వీటికి ఇక్కడి పేరు 'గోస్ఉంగర్', అంటే బాతుపిల్లలు. వేలితో నిమిరితే నిజంగానే కోడిపిల్ల వీపులా ఉంది.

చెరువు ముప్పావు వంతు గడ్డే. ఒడ్డు వెంట మాత్రం నల్లటి నీళ్లు పట్టీలా విచ్చుకున్నాయి. ఆ పట్టీలో ఒక జంట పక్షులు. బూడిద తల, గొంతు మీద ఇటుకరంగు మచ్చ, ముక్కు కాస్త పైకెత్తి గర్వంగా ఈదుతున్నాయి. ఈ 'స్మోలోమ్' పక్షులు గుడ్లు చెరువు గట్టున పెడతాయి, చేపలు మాత్రం సముద్రానికి ఎగిరి వెళ్లి తెచ్చుకుంటాయి. ఇల్లు ఒక చోట, ఉద్యోగం ఒక చోట. అనకాపల్లి నుంచి రోజూ విశాఖకు రైల్లో వెళ్లిన మా తోడల్లుడు గుర్తొచ్చాడు.

దీపం సంగతి ఇవాళా తేలలేదు. రాత్రి తొమ్మిదికి పెట్టింది గానీ, ఎండలో వెలిగిస్తే వెలుగుతోందో లేదో తెలియక వేలు పెట్టి చూసి కాల్చుకుంది.

మే 13

ఊరి నడిబొడ్డున ఒక బట్టల దుకాణం. మొదటి అంతస్తు కిటికీ గట్ల మీద తెల్ల పక్షులు భుజం భుజం ఆనించి కూర్చున్నాయి. కింద ఫుట్‌పాత్ మీద సున్నం ఒలికినట్టు రెట్టలు. సీగల్ జాతిలో చిన్నవి ఇవి. ఇంగ్లీషులో కిట్టివేక్, ఇక్కడ 'క్రిక్యె'. రెండు పేర్లూ వాటి అరుపు నుంచి వచ్చినవే. వీధంతా ఆ అరుపే.

ఇవి ఊరి పక్షులు కావు. చలికాలమంతా నడిసంద్రంలో గడిపి, వసంతంలో నిట్టనిలువు సముద్రపు కొండచరియల మీద గూళ్లు కట్టుకునేవి. సముద్రం వేడెక్కి, తినే చిన్న చేపలు తగ్గి, కొండల మీద గద్దల దాడి పెరిగి, వీటి సంఖ్య పడిపోయింది. నార్వేలో ఇప్పుడు ఇవి ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో ఉన్నాయి. ఊళ్లోని కిటికీ గట్టే వాటికి కొండచరియ అయింది, మనుషుల దగ్గరికి గద్ద రాదు కాబట్టి. దుకాణాలవాళ్లు వలలు కడతారు, మేకులు కొడతారు, పక్షి ప్రేమికులు తిడతారు. ఊరివాళ్లు ఆలోచించి రేవు దగ్గర వాటి కోసం అరల అరల చెక్కగోడలు కట్టారు. వాటిని హోటళ్లు అంటున్నారు. కొన్ని జంటలు దిగాయి. కొన్నింటికి ఇంకా బట్టల దుకాణమే నచ్చినట్టుంది.

నేను ఈ ఊరికి వచ్చిన అసలు స్వార్థం రాత్రి తీరింది. నార్వే తీరం వెంట నడిచే 'హుర్తిరూతెన్' ఓడ. 1893 జులైలో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ 'వెస్టెరోలెన్' అనే ఆవిరి ఓడను ట్రోన్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కు నడిపి మొదలుపెట్టిన దారి ఇది. అంతకు ముందు చలికాలంలో ట్రోన్‌హైమ్ ఉత్తరం హామర్‌ఫెస్ట్ చేరడానికి నెలలు పట్టేదట. ఈ ఓడతో రోజుల్లోకి వచ్చింది. నేను 1983లో చేరినప్పుడు ఇంకా తంతి, తపాలా ఒకే శాఖ. ఉత్తరం ఆలస్యమైతే జనం ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

దక్షిణానికి వెళ్లే ఓడ అర్ధరాత్రికి కాస్త ముందు వచ్చింది. ఇప్పుడందులో ఉత్తరాల సంచుల కంటే నాలాంటి తలనెరిసిన పర్యాటకులే ఎక్కువ. అయినా పక్క తలుపు తెరిచి, ఫోర్క్‌లిఫ్ట్ బండి సామాను పలకలు దింపడం మొదలెట్టగానే నేను కదలలేకపోయాను. పెట్టెలు, కూరగాయలు, ఒక సోఫా. "పన్నెండున్నర అయింది నాన్నా" అంది అమ్మాయి. పన్నెండున్నరకు సోఫా మీద అల్లిక పూలు లెక్కపెట్టగలిగేంత వెలుగుంది.

మే 14

మంచు. పొద్దున లేచేసరికి నేను ఊడ్చిన వాకిలంతా తెల్లగా ఉంది. చచ్చేంత కోపం వచ్చింది. ముసలాయన బాల్కనీలోంచి నన్ను చూసి చేతులు రెండూ పైకెత్తి నవ్వారు. 1997లో ఏప్రిల్ 29న ఈ ఊళ్లో మంచు లోతు 240 సెంటీమీటర్లు కొలిచారని, ఇప్పటికీ అదే రికార్డని అమ్మాయి ఓదార్చింది.

మధ్యాహ్నం మూడుకు మా ఆవిడ భీమిలిలో వదినకు ఫోన్ చేసింది. "ఉండమ్మా, ఇప్పుడే దీపం పెట్టి వస్తున్నా" అంది వదిన అవతల నుంచి. మా ఆవిడ గోడ గడియారం వైపు చూసింది, నా వైపు చూసింది. భారతదేశం ఇక్కడికి మూడున్నర గంటలు ముందు. అక్కడ ఆరున్నర. ఫోన్ పెట్టేసి ఏమీ మాట్లాడకుండా వెళ్లి కుంది వెలిగించింది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో దీపాలవేళ మధ్యాహ్నం మూడు.

మే 15

వంతెన దాటి 'క్వాలోయ' దీవికి వెళ్లాము, తిమింగలాల దీవి అని అర్థం. సముద్రం ఒడ్డున రోడ్డుకు అటూ ఇటూ రెయిన్‌డీర్లు. పాత బొచ్చు ఊడుతూ, చిరిగిన కంబళి కప్పుకున్నట్టున్నాయి. ఇది ఈనే కాలం. నిండుచూలాలు బెదిరితే ప్రమాదమని దగ్గరికి వెళ్లనివ్వలేదు అమ్మాయి. ఈ ఉత్తరాది ఆదివాసులైన సామీ కాపరులు చలికాలం లోతట్టు మైదానాల్లో మేపి, వసంతంలో చాలా మందలను తీరానికి తోలుకొస్తారు. సముద్రపు గాలికి మంచు ముందు కరిగి, పచ్చిక ముందు వస్తుంది కాబట్టి.

తిరిగి వస్తుంటే ఒక పడవల పాక పక్కన నాకు పరిచయమైన వాసన తగిలింది. పూర్తిగా పరిచయం కాదు, దూరపు చుట్టం లాంటిది. కర్రల పందిరి మీద కాడ్ చేపలు, తోకలు జంటగా కట్టి వేలాడుతున్నాయి. తలలు వేరే దండ. గాలి వీస్తే ఒకదానికొకటి తగిలి ఎండిన సొరకాయల్లా టకటకమంటున్నాయి. ఒకటి వేలితో కొట్టి చూశాను, చెక్కే.

మనం ఉప్పు పట్టించి ఇసుకలోనో, వలల మీదనో ఎండకు పోస్తాము. వీళ్లు ఉప్పు గింజ కూడా వేయరు, ఎండ మీద ఆశ పెట్టుకోరు. ఫిబ్రవరి నుంచి మే దాకా వీచే చల్లగాలే ఎండబెడుతుంది. చలి మరీ ఎక్కువైతే చేప గడ్డకట్టి కండ చెడుతుంది, వేడెక్కితే ఈగ వాలుతుంది. ఈ రెండింటి సందున ఉన్న నెలలే సరైనవి. అంటే వసంతం రావాలి కానీ పూర్తిగా రాకూడదు. ఈ ఎండుచేప వందల ఏళ్లుగా ఇటలీకి వెళుతోంది, తలలు నైజీరియాకు పులుసులోకి. మా వీధి నెత్తళ్లమ్మ ఇది చూస్తే ఉప్పు ఖర్చు మిగిలిందని లెక్క కడుతుంది.

సగం ఎండిన చేపను 'బోక్నాఫిస్క్' అంటారు. ఇదే ఇక్కడి వసంతపు వంటకం. ఉడికించి, వేయించిన పంది కొవ్వు ముక్కలు, బంగాళదుంప, క్యారట్ గుజ్జుతో తింటారు. ఒకటి కొని ఇంటికి తెచ్చాము. మా ఆవిడ సగం వాళ్ల పద్ధతిలో ఉడికించి, మిగతా సగం చింతపండు పులుసు పెట్టింది. అమ్మాయి రెండోది మాత్రమే తింది.

మే 16

వాన. ఏమీ జరగలేదు. దుకాణంలో సీగల్ గుడ్లు అమ్ముతున్నారు. ఆకుపచ్చ పెంకు మీద సిరా చల్లినట్టు మచ్చలు. వీటిని ఉడకబెట్టి బీరుతో తినడం మే నెల ఆచారం. ధర చూసి, మా ఆవిడ ముఖం కూడా చూసి, గుడ్డు తిరిగి బుట్టలో పెట్టేశాను.

మే 17

1814లో ఈ రోజున ఐడ్స్‌వోల్ అనే చోట నార్వే రాజ్యాంగం రాసుకుంది. జాతీయ దినం అంటే మనకు తుపాకులు, ట్యాంకులు గుర్తొస్తాయి. ఇక్కడ ఊరేగింపు పిల్లలది. వాళ్ల భాషలో ఊరేగింపుకూ రైలుకూ ఒకటే మాట, 'టోగ్'. నిజంగానే బడి తరవాత బడి, పెట్టె తరవాత పెట్టెలా సాగింది. ఆరు డిగ్రీల చలిలో బాకాలూదే పిల్లల వేళ్లు ఎర్రగా కందిపోయాయి. వేళ్లు కొసలు కత్తిరించిన చేతితొడుగులు వేసుకున్న ఒక పాప, పాట మధ్యలో బాకా వదిలేసి వేళ్లు చంకలో పెట్టుకుని, తన వంతు వచ్చేసరికి మళ్లీ అందుకుంది.

పెద్దవాళ్లు ఊరికొక రకం కుట్టుపనితో ఉలెన్ పావడాలు, వెండి బిళ్లలు. సామీలు నీలం మీద ఎర్ర పట్టీల 'గాక్తి' వేసుకున్నారు. మా ఆవిడ ధర్మవరం పట్టుచీర కట్టి, పైన అమ్మాయి కోటు వేసుకుంది. ముసలమ్మ ఒకావిడ ఆగి, చీర అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసి, తన పావడా కుట్టు చూపించింది. ఇద్దరూ చాలాసేపు దారపు పని గురించి మాట్లాడుకున్నారు. ఎవరి భాషలో వాళ్లే.

ఈ ఏడాది హైస్కూలు ముగించే పిల్లలు ఎర్ర దుస్తుల్లో తిరుగుతుంటారు. 'రుస్' అంటారు వాళ్లను. ఒక్కొక్కరూ తమ ఫొటోతో చిలిపి మాటల కార్డులు అచ్చు వేయించుకుంటారు. చిన్నపిల్లలు వెంటబడి అవి అడుక్కుని పోగేస్తారు. ఒక బుడతడు నా చేతికి తన కట్ట ఇచ్చి లెక్కపెట్టమన్నాడు. నలభై మూడు. ఉత్తరాలు విడదీసిన వేళ్లు కదా, క్షణంలో చెప్పేశాను. వాడు నమ్మక మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.

ఆ రోజు సూర్యుడు అస్తమించింది పన్నెండు దాటాక. అంటే పదిహేడో తారీఖున సూర్యాస్తమయమే లేదు, పద్దెనిమిదిలోకి జరిగింది. ముప్పై ఎనిమిదేళ్లు తారీఖు ముద్ర కొట్టినవాడికి ఇది మింగుడుపడే విషయం కాదు.

మే 18, 19

నిద్రలేక ఇద్దరమూ చిరాకు పడ్డాము. కిటికీ తెర మీద దుప్పటి, దాని మీద నా పంచె. ఒక చిన్న మాట పట్టింపు కూడా జరిగింది, అది ఇక్కడ అనవసరం. మంచుగుట్ట నా మోకాలి దాకా దిగింది.

మే 20

అర్ధరాత్రి సూర్యుడు ఈ రోజు నుంచి జులై 22 దాకా అని ఊరివాళ్ల లెక్క. రాత్రి పదకొండున్నరకు వంతెన మీదికి నడిచాము. 1960లో కట్టారు, కిలోమీటరుకు కాస్త ఎక్కువ పొడవు. నడుము ఎత్తుగా వంగి ఉంటుంది, కింద ఓడలు పోవాలి కాబట్టి. అవతలి ఒడ్డున 1965 నాటి ఆర్కిటిక్ చర్చి, పేకముక్కలు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినట్టు తెల్లగా ఉంది.

సూర్యుడు మాత్రం కనిపించలేదు. ఉత్తరాన కొండలు అడ్డం. ఇంత దూరం వచ్చి ఇదా అనుకుంటుండగా అమ్మాయి వెనక్కి తిరగమంది. 1238 మీటర్ల ట్రోమ్స్‌డాల్స్‌టిన్ శిఖరం మీద మాత్రం ఎండ పడుతోంది. కింద ఊరంతా నీలినీడ, పైన మంచు కొస మామిడిచిగురు రంగు. ఒక యువకుడు పొట్టి చేతుల చొక్కాతో సైకిల్ మీద మమ్మల్ని దాటి వెళ్లాడు. నీళ్ల మీద క్రిక్యెలు అరుస్తూనే ఉన్నాయి.

మా ఆవిడ ఫోన్ తీసి టైము చూసింది. పన్నెండూ నలభై. భీమిలిలో నాలుగూ పది.

"అక్కడ ఇంకా చీకటిగానే ఉంటుంది కదండీ" అంది, మంచి తినుబండారం గురించి చెబుతున్నట్టు.